స్లోకి తేగానే ఆయిల్ బజరు మోగుతోంది: పాత తెరచాప నావ, రెండు సిలిండర్ల డీజిల్

పాతనావ_సఖినేటిపల్లి
ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండి. మా తాతగారి నాటి తెరచాప నావ ఒకటి ఉంది మాకు. ఒకప్పుడు కొబ్బరికాయలు, ధాన్యం వేసుకుని కాలవల్లో తిరిగేది. మా నాన్నగారు అందులో రెండు సిలిండర్ల పాత డీజిల్ ఇంజను దింపించేరు. గాలి ఉంటే ఇప్పటికీ చాప ఎత్తుతాం గానీ మొగ దగ్గర (ఏరు సముద్రంలో కలిసే చోట) పాటు, అంటే తగ్గుతున్న నీరు, లాగుతున్నప్పుడు ఇంజను లేకుండా కుదరదు.

పొద్దున్న చల్లగా ఉండగా కీ తిప్పితే ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగి బజరు మోగుతుంది. ఇంజను అందుకోగానే రెండూ ఆగిపోతాయి. ఎప్పుడూ ఇంతే. ఈమధ్య ముప్పావుగంట నడిచేక రేవు దగ్గర స్లోకి తెస్తే మళ్ళీ మోగుతోంది. కాస్త రేసు ఇస్తే ఆగుతుంది. నిన్న అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్తే ఇంకో రకం: మంచి స్పీడులో ఉన్నా, అల తగిలి నావ ఊగినప్పుడల్లా కిక్, కిక్ అని మోగి ఆగుతోంది.

ఆయిలు చూసేను. గేజి పుల్ల మీద పై గీతకి కాస్త పైనే ఉంది. మా ఇంజను ఆయిలు తాగదండి, దసరాకి మార్చిన దగ్గర్నుంచి చుక్క పొయ్యలేదు. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు పొగ గొట్టంలోంచి బాగా పడుతున్నాయి. వేడి దీపం వెలగలేదు.

నిన్న తిరిగొచ్చేటప్పుడు ఆ మోత భరించలేక బజరు వైరు పీకేసేను. ఇంటికొచ్చేక మనసు ఒప్పుకోలేదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి, భీష్మ ఏకాదశి రథం చూడ్డానికి ఇంటిల్లిపాదీ ఈ నావ మీదే వెళ్తాం. మా నాయనమ్మకి ఎనభై దాటేయి, ఆవిడా వస్తుంది. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో చెప్పండి.

దిండి_హౌస్‌బోటు
ఆదివారం, రాత్రి 9:15

ముందు ఆ వైరు తిరిగి పెట్టెయ్యండి.

మీది ఆయిల్ దీపం అంటున్నారు గానీ, నీళ్ళు పడుతున్నాయి కదా అని ధీమా పడొద్దు. మాకు రెండేళ్ళ కిందట వేడి బజరు మోగింది. గుర్రపుడెక్క వేళ్ళు నీళ్ళు పీల్చే జాలీలో జడలా అల్లుకుపోయి ఉన్నాయి. తీసి కడిగేం, నీళ్ళ పంపు విప్పి లోపల తిరిగే రెక్కల రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కొత్తది వేసేం, అయినా గంటకే మళ్ళీ మోత. చివరికి తేలిందేమంటే, పాత ఇంపెల్లర్‌కి మూడు రెక్కలు తెగిపోతే మేం ఏరింది రెండే. మూడోది ఇంజను నీళ్ళని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర అడ్డంపడి కూర్చుంది. ఇంపెల్లర్ మార్చినప్పుడు తెగిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, రెక్క మొత్తం కుదిరిందో లేదో చూసుకోవాలి. అప్పట్నుంచి మా కుర్రాళ్ళ చేత అదే చేయిస్తున్నాను.

ఇంకో మాట. వేడి స్విచ్చి నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. లోపలి నీళ్ళు పూర్తిగా కారిపోతే అది ఆవిరిలో ఉండి, ఇంజను మాడిపోతున్నా ఆలస్యంగా మోగుతుంది, ఒక్కోసారి అసలు మోగదు. కాబట్టి కన్ను పొగ గొట్టం మీదే ఉండాలి.

యానాం_వైరింగ్
ఆదివారం, రాత్రి 10:05

బ్రదర్, మీరు రెండు రకాల మోత గురించి రాసేరు, విడివిడిగా రాయడం చాలా మంచిదైంది. నేను బోట్ల కరెంటు పని చేస్తాను, నా వంతు చెప్తాను.

ఆయిల్ స్విచ్చికి ఒక్కటే వైరు ఉంటుంది. రెండో వైరు పని ఇంజను ఇనుమే చేస్తుంది. ప్రెషర్ లేనప్పుడు స్విచ్చి లోపల కలిసిపోయి ఆ వైరుని ఎర్త్ చేస్తుంది, దీపం, బజరు వస్తాయి. ప్రెషర్ రాగానే విడిపోతుంది. అందుకే ఇంజను ఆపి ఉన్నప్పుడు కీ వేస్తే మోగాలి. మోగకపోతే అదే పెద్ద ప్రమాదం, బల్బు పోయిందో వైరు తెగిందో అన్నమాట. వేడి స్విచ్చి దీనికి తిరగబడి ఉంటుంది, మామూలుగా విడిగా ఉండి 95 డిగ్రీలు దాటే వేళకి కలుస్తుంది.

దీన్ని బట్టి ఆలోచించండి. బోర్డు నుంచి స్విచ్చి దాకా ఆ వైరు దారిలో ఎక్కడ ఒరుసుకుని ఇంజనుకి తగిలినా బజరుకి ప్రెషర్ పోయినట్టే లెక్క. అలకి ఊగినప్పుడు కిక్ కిక్ మనడం నాకు వైరులాగే వినిపిస్తోంది. ఇంజను ఆపి, రెండు చివర్లా వైరు విప్పి, మల్టీమీటరు ఒక కాలు వైరుకి, ఒక కాలు ఇంజను బాడీకి పెట్టండి. మీటరు కూత పెట్టకూడదు. అలా పట్టుకుని ఇంకొకరి చేత వైరు కట్టని గుంజించండి, మెలితిప్పించండి. ఒక్కసారి కూత పెట్టినా దొరికినట్టే.

ఇంజను నడుస్తుండగా మాత్రం మెయిన్ స్విచ్చి ఆపకండి, ఆల్టర్నేటరులో డయోడ్లు పోతాయి.

నర్సాపురం_బోటు
ఆదివారం, రాత్రి 10:40

పాత ఇంజన్లన్నిటికీ ఇదే గొడవ అన్నా. వేడెక్కితే ఆయిలు పల్చబడి స్లోలో ప్రెషర్ పడుతుంది. నేను మందం ఆయిలు పోసేను, ఆగిపోయింది. లేదా స్లో స్పీడు కాస్త పెంచి పెట్టెయ్. వారంలో తీర్థం పెట్టుకుని ఇంజను విప్పుతావా?

ఇంజను_డ్రైవరు_కాకినాడ
సోమవారం, ఉదయం 5:50

బాబూ, నేను ముప్పైయేళ్ళు చేపల బోట్ల మీద ఇంజను డ్రైవరుగా చేసి దిగేను. నర్సాపురం తమ్ముడు చెప్పినట్టు చెయ్యకు. ఆయన బోటు ఎలా ఉందో నాకు తెలీదు, కోపం లేదు. కానీ మందం ఆయిలు పోస్తే దీపం ఆరుతుంది, ప్రెషర్ ఎందుకు పడిందో ఆ సంగతి లోపలే ఉండిపోతుంది.

స్విచ్చి చెప్పేది ఒక్క ముక్కే, ప్రెషర్ ఏడు పౌండ్ల (చదరపు అంగుళానికి) పైన ఉందా, కింద ఉందా అని. 8 ఉన్నా దీపం ఆరుతుంది, 50 ఉన్నా ఆరుతుంది. కాబట్టి ఆ స్విచ్చి విప్పి, ఆ బొక్కలో ముల్లు మీటరు బిగించు. కరెంటుతో పనిలేనిది, ఆయిలు నేరుగా గొట్టంలోంచి మీటరుకెళ్ళేది. మరలు కలిసే నిపిల్ వర్క్‌షాపుల్లో దొరుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడెక్కి స్పీడులో ఎంత, వేడెక్కి స్లోలో ఎంత, ఈ మూడూ కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు. అప్పటిదాకా ఎవరం చెప్పినా ఊహే.

టీచరమ్మ_డీజిల్
సోమవారం, ఉదయం 7:30

అమలాపురం నుంచి. డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్తాను కాబట్టి ఇది పిల్లలకి రోజూ చెప్పే విషయమే.

కాకినాడ బాబాయిగారి మాట నూటికి నూరుపాళ్ళు. స్లోలో, వేడిలో ప్రెషర్ పడటానికి కారణాలు చాలా ఉంటాయి: బేరింగులు అరిగి సందు పెరగడం, ఆయిల్ పంపు అరగడం, ప్రెషర్ వాల్వులో నలక పడి సగం తెరుచుకుని ఉండిపోవడం, అడుగున జాలీ మూసుకుపోవడం, లేదా ఆయిలే పల్చబడిపోవడం. వీటిలో కొన్నిటికి ఇంజను దింపాలి, కొన్నిటికి రెండు స్పానర్లు చాలు. అందుకే కొలవకుండా ఏదీ నమ్మొద్దు.

మందం ఆయిలు గురించి ఒక్కటి. పొద్దున్న చల్లటి ఇంజన్లో అది పైదాకా ఎక్కడానికి సమయం పడుతుంది, ఆ కాసేపూ వాల్వుల దగ్గర ఎండుగా తిరుగుతుంది. ఇంజను పుస్తకంలో ఏ గ్రేడు ఉందో అదే పొయ్యండి.

పాతనావ_సఖినేటిపల్లి
సోమవారం, రాత్రి 9:20

దొరికిందండీ! యానాం అన్నగారూ, మీకు వెయ్యి దండాలు.

మా తమ్ముడు వైర్ల కట్ట గుంజుతుంటే నేను మీటరు పట్టుకు కూర్చున్నాను. గేరుబాక్సు పైన ఇనప క్లాంపు ఉంది, అక్కడికి రాగానే మీటరు కూత పెట్టింది. క్లాంపు విప్పితే రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఇనప అంచుకి ఒరుసుకుని వైరు తొడుగు కోసుకుపోయి, ఆవగింజంత రాగి బయటపడింది, అదీ పచ్చగా చిలుం పట్టి ఉంది. గోరుతో గీరితే పొడి రాలింది. ఆ ముక్క కోసేసి, తగరం పూత ఉన్న కొత్త వైరు వేసి, క్లాంపుకి హోసు ముక్క తొడిగి బిగించేం. బజరు వైరు మళ్ళీ పెట్టేను. నర్సాపురం రేవు దాకా వెళ్ళొచ్చేం, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) లేపిన అలకి బాగా ఊగేం గానీ ఒక్క కూత లేదు.

యానాం_వైరింగ్
సోమవారం, రాత్రి 9:45

సంతోషం బ్రదర్. ఉప్పుగాలికి మామూలు రాగి వైరు తొడుగు లోపల కూడా నల్లబడుతూ పోతుంది, వీలైనప్పుడు ఆ కట్ట మొత్తం మార్చెయ్యండి. క్లాంపులన్నీ ఇప్పుడే చూసుకోండి, ఒకటి ఒరిసిందంటే పక్కదీ ఒరిసే ఉంటుంది.

ఇంజను_డ్రైవరు_కాకినాడ
మంగళవారం, ఉదయం 5:40

మంచిపని చేసేవు బాబూ. కానీ అల తగిలితే మోగేదానికే నీకు కారణం దొరికింది. రేవులో స్లోకి తెస్తే మోగి, రేసు ఇస్తే ఆగేదానికి ఆ వైరు సమాధానం చెప్పదు. ఒరిసిన వైరైతే రేసు ఇచ్చిన ప్రతిసారీ ఠంచనుగా ఆగదు. రేవు దాకా వెళ్ళొచ్చేవంటే ఎంతసేపు నడిచింది? ఇంజను పూర్తిగా కాగిందా?

ముల్లు మీటరు పెట్టు.

పాతనావ_సఖినేటిపల్లి
మంగళవారం, రాత్రి 8:10

పావుగంట కూడా నడవలేదండి, ఒప్పుకుంటున్నాను. ఈవేళ గంటసేపు వశిష్ఠ పాయలో ఎగువకి నడిపి వచ్చేం. రేవులో స్లోకి తేగానే మళ్ళీ మోగింది. మీటరు రేపు తెప్పిస్తాను బాబాయి గారూ.

పాతనావ_సఖినేటిపల్లి
గురువారం, రాత్రి 7:30

మీటరు బిగించేం. రాసుకున్నవి ఇవి.

చల్లగా ఉన్నప్పుడు స్లోలో 38 పౌండ్లు. గంట నడిచేక స్పీడులో 28. అక్కడ స్లోకి తెస్తే ముల్లు మెల్లగా దిగుతూ దిగుతూ 5 దగ్గర ఆగింది, స్విచ్చి మోగే ఏడు కన్నా కిందే. బజరు అబద్ధం ఆడలేదండి. ఆ ముల్లు దిగుతుంటే నా గుండె జారిపోయింది. బేరింగులు పోయినట్టేనా? ఇంజను దింపాలంటే నావ గట్టెక్కించాలి, తీర్థానికి అవ్వదు.

ఇంజను_డ్రైవరు_కాకినాడ
గురువారం, రాత్రి 8:05

తొందరపడకు. నీ మొదటి మాట మళ్ళీ చదివేను. "పై గీతకి కాస్త పైనే ఉంది, దసరా నుంచి చుక్క పొయ్యలేదు" అన్నావు. పాత ఇంజను బాబూ. ఎంత మంచిదైనా మూడు నెలల్లో కాస్తయినా ఆయిలు తగ్గాలి. తగ్గకపోగా గీత దాటిందంటే లోపలికి ఏదో వచ్చి చేరుతోంది. నీళ్ళైతే ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది. తెల్లబడలేదంటే డీజిలే.

గేజి పుల్ల తీసి వాసన చూడు. ఆ చుక్క ఒకటి పాత పేపరు మీద వెయ్యి, పక్కనే డబ్బాలో ఉన్న కొత్త ఆయిలు చుక్క ఒకటి. పొద్దుటిదాకా కదపకుండా ఉంచు. ఈలోపు ఇంజను స్టార్టు చెయ్యొద్దు.

ఇంకొకటి చెప్పు, డీజిల్ ట్యాంకు ఎక్కడుంది, ఇంజనుకి పైనా, కిందా?

పాతనావ_సఖినేటిపల్లి
శుక్రవారం, ఉదయం 6:25

బాబాయి గారూ, మీరు చెప్పినట్టే ఉంది. కొత్త ఆయిలు చుక్క రూపాయి బిళ్ళంత బొట్టుగా ఉండిపోయింది. ఇంజన్లోది మధ్యలో నల్లగా ఉండి, చుట్టూ పసుపుపచ్చ వలయం అరచేతంత పాకింది, ఆ వలయంలోంచి అవతలి పేజీ అక్షరాలు కనబడుతున్నాయి. పుల్ల వాసన చూస్తే డీజిల్ ఘాటు. వేళ్ళ మధ్య రాస్తే జిగురే లేదు.

ట్యాంకు కిందటేడు మార్చేం. నావ బల్లలు వేయించినప్పుడు అడుగున చోటు లేదని పైకెక్కించేం. అంతకుముందు కిందే ఉండేది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

టీచరమ్మ_డీజిల్
శుక్రవారం, ఉదయం 7:10

ఉంది, చాలా ఉంది. ఇంజను పక్కన చేత్తో కొట్టే చిన్న మీట ఉన్న ఫీడ్ పంపు ఉంటుంది చూడండి, కొందరు ఏసీ పంపంటారు. దాని లోపల రబ్బరు డయాఫ్రం ఉంటుంది. ఒకవైపు డీజిలు, రెండోవైపు ఇంజను ఆయిలు, మధ్యలో ఆ పల్చటి పొర ఒక్కటే. అది చిట్లితే డీజిలు క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజను అడుగున ఆయిలు ఉండే పెట్టెలోకి, కారుతుంది. ట్యాంకు కిందున్నప్పుడు ఇంజను నడిచినంతసేపే కారేది. పైన పెట్టేసరికి రాత్రంతా దానంతటదే దిగుతోంది. ఇంజెక్షన్ పంపు సీలు పోయినా ఇలాగే అవ్వొచ్చు గానీ, ముందు దీన్నే చూడండి.

పంపు రెండు బోల్టులూ విప్పి, డీజిలు గొట్టం అలాగే ఉంచి, పంపుని చేతిలో పట్టుకోండి. ఇంజను లోపలికి దూరే మీట ఉన్న వైపు నుంచి డీజిలు చుక్కలు రాలితే తేలిపోయినట్టే.

బాబాయిగారు వద్దన్నారు కదా, దయచేసి అప్పటిదాకా స్టార్టు చెయ్యకండి. ఆయిలు మట్టం మరీ పెరిగితే ఆ డీజిలు కలిసిన ఆయిలు ఇంజను లోపలి ఆవిర్లు పోయే బ్రీదర్ గొట్టంలోంచి గాలి దారిలోకి పోయి, ఇంజను దాన్నే కాల్చుకుంటూ అదుపు తప్పి పరుగెడుతుంది. అప్పుడు డీజిలు ఆపినా ఆగదు, గాలి దారి మూసెయ్యాలి. అందుకని గాలి ఫిల్టరు మూతికి సరిపడే చెక్క ముక్క ఒకటి ఇంజను పక్కనే ఉంచుకోండి.

నర్సాపురం_బోటు
శుక్రవారం, ఉదయం 9:30

ఇది చదివేక నా పుల్ల కూడా తీసి చూసేను. మట్టం సరిగ్గానే ఉంది, వాసన లేదు. అయినా ముల్లు మీటరు కొంటున్నాను. బాబాయి గారూ, మీ మాటకి అడ్డం చెప్పినందుకు ఏమీ అనుకోకండి.

పాతనావ_సఖినేటిపల్లి
ఆదివారం, సాయంత్రం 5:15

పని పూర్తయిందండీ, వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పంపు విప్పి పట్టుకుంటే అరనిమిషంలో మీట పక్క నుంచి చుక్కలు మొదలయ్యేయి. డయాఫ్రం తీసి ఎండకేసి పట్టుకుంటే అంచు దగ్గర గోరంత చీలిక. రబ్బరు వంచితే ఆ చీలిక నోరు తెరిచినట్టు తెరుచుకుంది. కిట్టు భీమవరంలో దొరికింది. ట్యాంకు గొట్టంలో పంపుకి ముందు ఒక వాల్వు కూడా పెట్టేం, రేవులో కట్టేసేక ముయ్యడానికి.

దసరాకి పోసింది 5 లీటర్లు, ఇప్పుడు బయటికొచ్చింది ఆరున్నర. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి పదిహేను నిమిషాలు నడిపి, అదీ తీసేసి మళ్ళీ కొత్తది పోసేం. తీసిన ఆయిలంతా డబ్బాల్లో పట్టి వర్క్‌షాపుకి ఇచ్చేం. మా పాయలోకి ఒక్క చుక్క పోనివ్వలేదండి, మడ పీతల మీద బతికే ఇళ్ళు మా పక్కనే ఉన్నాయి.

గంటన్నర నడిపేక మీటరు: స్పీడులో 48, స్లోలో 22.

ఇంజను_డ్రైవరు_కాకినాడ
ఆదివారం, సాయంత్రం 6:00

22 అంటే బేరింగులు బతికేయి. నీ అదృష్టం బాబూ, ఇంకో నెల అలా తిప్పితే క్రాంకు గీతలు పడేది. పాతిక గంటలు నడిచేక ఆయిల్ ఫిల్టరు కోసి లోపల కాగితం మడతలు విప్పి చూడు, ఇత్తడి రంగు పొడి మెరిస్తే నాకు చెప్పు. మీటరు తీసెయ్యకు, టీ జాయింటు (మూడు మూతుల గొట్టం) వేసి స్విచ్చి, మీటరు రెండూ ఉంచుకో.

భైరవపాలెం_సరంగు
ఆదివారం, రాత్రి 8:50

ఒక సందేహం. మేం కూడా టీ జాయింటు వేసి టేపు బాగా చుట్టి బిగించేం. ఆయిలు కారడం లేదు, కానీ ఇప్పుడు కీ వేస్తే దీపం వెలగడం లేదు. స్విచ్చి కొత్తది.

యానాం_వైరింగ్
ఆదివారం, రాత్రి 9:10

ఆ టేపే అడ్డం. స్విచ్చికి ఎర్త్ దాని మరల ద్వారానే దొరకాలి, మీరు తెల్ల టేపు మందంగా చుట్టి ఇంజను నుంచి విడదీసేరు. టేపు తీసేసి రాగి వాషరు వేసి బిగించండి. లేదా టీ బాడీ నుంచి ఇంజనుకి చిన్న ఎర్త్ వైరు వెయ్యండి. కీ వేయగానే దీపం, బజరు రెండూ వచ్చేదాకా బోటు కదపకండి.

భైరవపాలెం_సరంగు
సోమవారం, ఉదయం 6:40

రాగి వాషరు వేసేను. మోగింది.

పాతనావ_సఖినేటిపల్లి
భీష్మ ఏకాదశి, రాత్రి 10:30

ఇప్పుడే తీర్థం నుంచి వచ్చేం. వెళ్ళేటప్పుడు గాలి కలిసొచ్చి సగం దూరం చాప మీదే పోయేం, వచ్చేటప్పుడు పాటుకి ఎదురు ఇంజను మీద. బయల్దేరే ముందు కీ వేస్తే బజరు మోగింది, మా నాయనమ్మ "మళ్ళీ ఏమైందిరా" అని కంగారుపడింది. అది మోగాలి నాయనమ్మా, ఇంజను అందుకోగానే ఆగుతుంది చూడు అన్నాను. ఆగింది. రేవులో కట్టేటప్పుడు స్లోలో 21.